మీటరులో 22.4, బంకులో 19.6: నా స్విఫ్ట్ ఎవరికి అబద్ధం చెబుతోంది?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం), ఆదివారం ఉదయం 7:12

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

నాది 2014 డీజిల్ స్విఫ్ట్, 1.3 లీటర్ల ఇంజిను, లక్షా పదివేలు తిరిగింది. పైడిభీమవరంలో ఉద్యోగం, రోజూ జాతీయ రహదారి మీదే ప్రయాణం. మూడు నెలల క్రితం విశాఖలో ఒక షాపులో నాలుగు పనులు చేయించాను. ట్యూనింగ్ బాక్సు, శంకువు ఆకారపు ఎయిర్ ఫిల్టరు, లావుపాటి సైలెన్సరు, పదిహేను అంగుళాల అలాయ్ చక్రాలకు 195/65 టైర్లు. అంతకుముందు ఉన్నవి 165/80, పద్నాలుగు అంగుళాలవి. మొత్తం అరవై రెండు వేలు అయింది. ఇంట్లో నలభై అని చెప్పాను, కాబట్టి ఈ పోస్టు మా ఆవిడ కంట పడకుండా చూసే బాధ్యత మీ అందరిదీ.

పికప్పు పెరుగుతుంది, మైలేజీ కూడా పెరుగుతుంది అన్నాడు షాపు యజమాని. మీటరు చూస్తే ఆయన మాటే నిజం. ఇదివరకు సగటున లీటరుకు 21.3 కిలోమీటర్లు చూపేది, ఇప్పుడు 22.4 చూపుతోంది. బంకు లెక్క మాత్రం వేరుగా ఉంది. నిండా కొట్టించి, 590 కిలోమీటర్లు తిరిగి, మళ్లీ నిండా కొట్టిస్తే 30.1 లీటర్లు పట్టింది. అంటే 19.6. మార్పులకు ముందు ఇదే బంకులో, ఇదే పద్ధతిలో 20.4 వచ్చేది.

ఒకే కారుకు ఇద్దరు సాక్షులు, రెండు వాంగ్మూలాలు. ఎవరిని నమ్మాలి?

స్టేజ్2_కుర్రాడు (విజయనగరం), ఆదివారం ఉదయం 7:40

బంకును నమ్మకండి అన్నా. తూకంలో మోసం ఉంటుంది. మీటరే నిజం.

పలాస_జీడిపప్పు (పలాస), ఆదివారం ఉదయం 7:55

మార్పులకు ముందు కూడా అదే బంకు అని రాశారు కదా తమ్ముడూ. మోసం ఉన్నా అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

గేరుబాక్సు_బాబాయ్ (గజపతినగరం), ఆదివారం ఉదయం 9:20

ఇరవై ఆరేళ్లుగా షెడ్డు నడుపుతున్నాను. ఒక్క ప్రశ్న అడుగుతాను, దానికి జవాబు చెప్పండి. ఆ బాక్సు తీగ ఇంజినులో ఎక్కడ తగిలించారు? బానెట్ ఎత్తి చూసి చెప్పండి.

నాగావళి_గట్టు, ఆదివారం ఉదయం 9:48

చూశాను బాబాయ్. డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్ల పక్కన అడ్డంగా ఒక ఇనుప గొట్టం ఉంది. దాని చివర ఉన్న ప్లగ్గు పీకి, మధ్యలో బాక్సు తీగ కలిపారు. బాక్సు అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, లోపల ఎర్ర దీపం వెలుగుతోంది.

గేరుబాక్సు_బాబాయ్, ఆదివారం ఉదయం 10:30

అనుకున్నంతా అయింది. ఆ గొట్టాన్ని రైలు అంటాం. బండి గట్టిగా లాగుతున్నప్పుడు అందులో డీజిల్ వెయ్యి బార్లు దాటిన ఒత్తిడితో ఉంటుంది. చివర ఉన్నది ఒత్తిడి చూసే సెన్సర్. ఒత్తిడి ఎంతుందో సెన్సర్ చెబితే, దాన్నిబట్టి ఇంజెక్టర్‌ను ఎంతసేపు తెరవాలో ఈసీయూ, అంటే ఇంజినును నడిపించే కంప్యూటరు, లెక్క వేస్తుంది. ఈ బాక్సు ఆ మధ్యలో కూర్చుని, ఉన్నదానికన్నా తక్కువ చెబుతుంది. ఈసీయూ పాపం అది నిజమనుకుని పంపుతో ఒత్తిడి పెంచిస్తుంది. ఇంజెక్టర్ తెరిచింది అంతసేపే, పడిన డీజిల్ మాత్రం ఎక్కువ. మీకు తెలిసిన పికప్పు అదే.

ఇప్పుడు మైలేజీ సంగతి. మీ డ్యాష్‌బోర్డు మీటరు డీజిల్‌ను కొలవదు. ఈసీయూ తన ఖాతాలో ఎంత పడిందని రాసుకుందో అది చదివి చూపిస్తుంది. ఖాతాలో ఉన్నది ఈసీయూ అనుకున్న డీజిల్, పడిన డీజిల్ కాదు. మిల్లు దగ్గర కాటాలో బస్తాకు అయిదు కిలోలు తక్కువ రాసుకుంటే బియ్యం మిగిలినట్టా?

చీపురుపల్లి_టీచరు (చీపురుపల్లి), ఆదివారం మధ్యాహ్నం 2:15

భోజనమయ్యాక కాగితం తీసుకుని కూర్చున్నాను. భౌతికశాస్త్రం చెప్పేదాన్ని, అలవాటు పోదు.

సన్నని రంధ్రంలోంచి వచ్చే ద్రవం ఒత్తిడి వర్గమూలాన్ని అనుసరిస్తుంది. ఒత్తిడి 20 శాతం పెరిగితే అదే సమయంలో పడే డీజిల్ 20 శాతం కాదు, దాదాపు 10 శాతమే పెరుగుతుంది. ఇప్పుడు నాగావళి గారి అంకెలు చూడండి. మార్పులకు ముందు మీటరు 21.3, బంకు 20.4. మీటరు నాలుగు శాతం ఎక్కువ చెప్పేది. చాలా కార్ల మీటర్లు అంతే, కాస్త ఆశావాదులు. ఇప్పుడు 22.4, 19.6. తేడా 14 శాతం. కొత్తగా చేరిన అబద్ధం దాదాపు పది శాతం. అంటే ఆ డబ్బా ఒత్తిడిని ఇరవై శాతం వరకు తక్కువగా చెబుతూ ఉండాలి.

అలాగని బంకు అంకెను కూడా పూర్తిగా నమ్మకండి. మీరు టైర్లు మార్చారు. 165/80 ఆర్14 టైరు వ్యాసం 619.6 మిల్లీమీటర్లు. 195/65 ఆర్15 అయితే 634.5. చక్రం ఒకసారి తిరిగితే ఇదివరకటికన్నా 2.4 శాతం ఎక్కువ దూరం వెళ్తుంది. మీటరు మాత్రం పాత చక్రమే అనుకుని లెక్కపెడుతుంది. మీరు 590 అనుకున్నది నిజానికి 604. దాన్ని 30.1తో భాగిస్తే 20.1.

అంటే మీ మైలేజీ పెరగనూ లేదు, పడిపోనూ లేదు. 20.4 ఎక్కడ, 20.1 ఎక్కడ, బంకులో డీజిల్ కొట్టే పిస్టల్ ఒక్క క్షణం ముందు ఆగితే వచ్చే తేడా అది.

పలాస_జీడిపప్పు, ఆదివారం మధ్యాహ్నం 2:31

అరవై రెండు వేలు పెట్టి ఉన్నచోటే ఉన్నారన్నమాట.

నాగావళి_గట్టు, ఆదివారం మధ్యాహ్నం 2:33

నలభై వేలు. దయచేసి నలభై అనే రాయండి.

స్టేజ్2_కుర్రాడు, ఆదివారం సాయంత్రం 6:05

బాక్సు వేరు, రీమ్యాప్ వేరు అన్నా. రెండింటినీ ఒకే గాటన కట్టకండి. బాక్సు ఈసీయూకు అబద్ధం చెబుతుంది. రీమ్యాప్‌లో ఈసీయూ లోపలి పట్టికలనే మారుస్తారు. ఇంజెక్షన్ సమయం, టర్బో బూస్టు, పొగ రాకుండా ఉండే పరిమితి అన్నీ కలిపి సరిచేస్తారు. నా పోలో డీజిల్‌కు చేయించాను. ఇదివరకు మూడో గేరులో లాగాల్సిన చోట ఇప్పుడు నాలుగో గేరులో, నిమిషానికి 1,500 చక్కర్ల దగ్గరే హాయిగా లాగుతోంది. తక్కువ చక్కర్లలో తిరిగితే ఇంజిను లోపలి రాపిడికి పోయే శక్తి తగ్గుతుంది. మైలేజీ పెరగకుండా ఎలా ఉంటుంది?

చీపురుపల్లి_టీచరు, ఆదివారం సాయంత్రం 6:50

ఇది వాదన అంటే. మీరు చెప్పింది నిజమే, పై గేరులో తక్కువ చక్కర్ల మీద నడిపితే డీజిల్ మిగులుతుంది. కానీ ఆ మిగులు గేరు మార్చిన చేతిది. రీమ్యాప్ చేయించకుండానే త్వరగా పై గేరు వేసి నడిపి చూశారా? బంకు లెక్క ఏమైనా రాసి పెట్టుకున్నారా?

స్టేజ్2_కుర్రాడు, ఆదివారం సాయంత్రం 7:02

లేదు టీచరు గారూ.

గేరుబాక్సు_బాబాయ్, ఆదివారం రాత్రి 9:10

కుర్రాడు అబద్ధం చెప్పడం లేదు. మంచి చేతి రీమ్యాప్ అయి, కాలు నెమ్మదిగా ఉంటే కొద్దిగా మిగులుతుంది, నేను చూశాను. అయితే టార్క్, అంటే ఇంజిను లాగే బలం, పెరిగాక నెమ్మదిగా ఉండే కాలు ఎవరికుంది? మొదటి వారం అందరూ డీజిల్ ఆదా కోసమే చేయించామంటారు. రెండో నెలలో క్లచ్ జారుతోందని మా షెడ్డుకు వస్తారు. ఫ్యాక్టరీవాడు క్లచ్ పెట్టింది పాత టార్కుకు.

ఇంకో సంగతి. మైలేజీ పడిపోయిందని ట్యూనింగ్‌కు వెళ్లేవాళ్లలో చాలామందికి అసలు జబ్బు వేరే ఉంటుంది. పోయిన వేసవిలో కళింగపట్నం నుంచి ఒకాయన వచ్చాడు. లీటరుకు నాలుగు తగ్గింది, రీమ్యాప్ చేయిస్తాను, మంచి షాపు చెప్పు అన్నాడు. ఒక రౌండు వేసి రమ్మన్నాను. వచ్చి ఆపగానే నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూశాను. మూడు గోరువెచ్చగా ఉన్నాయి. ముందు ఎడమది చెయ్యి ఆనలేనంత వేడి. విప్పితే బ్రేకు ప్యాడ్లను నొక్కే కాలిపర్ జారే పిన్ను తుప్పు పట్టి బిగుసుకుపోయింది. సముద్రపు గాలి, ఉప్పు. బ్రేకు తొక్కాక ప్యాడు వెనక్కి రావడం లేదు. అంటే ఆయన ఆరు నెలలుగా సగం బ్రేకు మీదే బండి నడుపుతున్నాడు. పిన్ను రుద్ది, గ్రీజు పెట్టి, కొత్త రబ్బరు తొడిగాను. మూడు వందలు తీసుకున్నాను. పోయిన మైలేజీ తిరిగి వచ్చింది.

టెక్కలి_గ్రానైట్ (టెక్కలి), సోమవారం ఉదయం 6:30

డీజిల్ గొట్టానికి అయస్కాంతం కడితే అణువులు విడిపోయి బాగా మండుతాయని చెప్పి నాకు ఒకటి అమ్మారు. పద్దెనిమిది వందలు. అది కూడా ఇలాంటిదేనా?

చీపురుపల్లి_టీచరు, సోమవారం ఉదయం 6:41

దాన్ని ఫ్రిజ్ మీద పెట్టి కరెంటు బిల్లు అంటించుకోండి. అమెరికా పర్యావరణ సంస్థ ఇంధనం ఆదా చేస్తామనే పరికరాలను వందకు పైగా పరిశీలించింది. మైలేజీని పెంచినవాటిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ పెంచినవీ పెంచింది కొద్దిగానే.

నాగావళి_గట్టు, సోమవారం ఉదయం 8:15

మరి నా ఎయిర్ ఫిల్టరు? ఇంజిను బాగా ఊపిరి పీలిస్తే తక్కువ తాగుతుంది అని చెప్పారు. వినడానికి బాగానే ఉంది కదా.

చీపురుపల్లి_టీచరు, సోమవారం సాయంత్రం 5:30

వినడానికి బాగుంటుంది, కార్బురేటర్ల కాలంలో కొంత నిజం కూడా. అప్పట్లో ఫిల్టరు మూసుకుపోతే గాలి తగ్గి పెట్రోలు పాలు ఎక్కువయ్యేది. ఇప్పటి పెట్రోలు ఇంజిన్లలో గాలి ఎంత వస్తే దానికి తగ్గట్టే, 14.7 పాళ్ల గాలికి ఒక పాలు లెక్కన ఇంధనం పడుతుంది. పైగా మామూలుగా నడిపేటప్పుడు గాలికి అడ్డు ఫిల్టరు కాదు, థ్రాటిల్ తలుపు. అది సగానికి పైగా మూసి ఉంటే ముందున్న ఫిల్టరు ఎంత పెద్దదైతే ఏమిటి? డీజిల్లో థ్రాటిల్ పాత్ర అంతగా లేదు. అక్కడ గాలి ఎప్పుడూ అవసరానికి మించే ఉంటుంది.

2009లో అమెరికాలో ఓక్ రిడ్జ్ ప్రయోగశాలవాళ్లు ఫిల్టర్లను కావాలనే మూసి పరీక్షించారు. కొత్త కార్లలో మైలేజీ చెప్పుకోదగినంత మారలేదు. వేగం అందుకోవడం మాత్రం నెమ్మదించింది. మూసుకుపోయిన ఫిల్టరే మైలేజీని తగ్గించనప్పుడు, తెరిచిన ఫిల్టరు ఎక్కడి నుంచి పెంచుతుంది?

గేరుబాక్సు_బాబాయ్, సోమవారం సాయంత్రం 6:00

పైగా ఆ శంకువు ఫిల్టర్లు కొన్ని బానెట్ లోపలి వేడి గాలినే పీలుస్తాయి. దుమ్మును కూడా సరిగా ఆపవు. ఆ దుమ్ము తగిలేది టర్బో రెక్కలకే. పాత డబ్బా ఇంట్లో ఉంటే తిరిగి పెట్టించుకోండి.

పలాస_జీడిపప్పు, సోమవారం రాత్రి 8:20

మీరంతా డీజిల్ వాళ్లు. నాది 2018 పెట్రోలు కారు. ఏ మార్పూ చేయించలేదు, ఒక్క స్టిక్కరు కూడా అంటించలేదు. అయినా 17 వచ్చేది కాస్తా 15.9కి దిగింది. నా తప్పేమిటి?

చీపురుపల్లి_టీచరు, సోమవారం రాత్రి 8:45

మార్పు మీ కారులో కాదు, బంకులో జరిగింది. ఇప్పుడు వచ్చేది ఇ20, అందులో ఇరవై శాతం ఇథనాల్. లీటరు ఇథనాల్లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో మూడింట రెండు వంతులే. ఇరవై శాతంలో మూడో వంతు పోతే దాదాపు ఆరున్నర శాతం. మీకు తగ్గింది కూడా అంతే. నీతి ఆయోగ్ 2021 నివేదికలో కూడా పాత తరహా కార్లకు ఆరేడు శాతం తగ్గుతుందనే ఉంది. అయితే ఇదివరకు కూడా పది శాతం దాకా కలిపేవారు, ఆ మేరకు తగ్గుదల అప్పటికే ఉంది కాబట్టి మీ లెక్కలో మిగతాది మరేదో అయి ఉండవచ్చు. బాబాయ్ చెప్పినట్టు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి.

స్టేజ్2_కుర్రాడు, సోమవారం రాత్రి 9:00

ఇథనాల్ ఆక్టేన్, అంటే ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం, 108 దాకా ఉంటుంది. దానికి తగ్గట్టు జ్వలన సమయాన్ని ముందుకు జరిపితే కొంత రాబట్టుకోవచ్చు. ఈ ఒక్క మాటకైనా నన్ను తిట్టరనుకుంటాను.

చీపురుపల్లి_టీచరు, సోమవారం రాత్రి 9:04

తిట్టను. కరెక్టుగానే చెప్పారు.

సాలూరు_లారీ (సాలూరు), మంగళవారం తెల్లవారుజామున 4:50

ఘాట్ దిగి ఇప్పుడే వచ్చాను. మీ ఇరవైలు, ఇరవై రెండులు చదువుతుంటే నవ్వొస్తోంది. మాకు లోడు మీద లీటరుకు నాలుగు వస్తే పండగ. కానీ నాలుగుకు మూడున్నర వస్తే నెల తిరిగేసరికి వేలల్లో తేలుతుంది కాబట్టి, మైలేజీ గురించి మాకన్నా ఎక్కువ ఆలోచించేవాళ్లు ఉండరు.

మా ఊళ్లో లారీలు కట్టేవాళ్లున్నారు, బాగుచేసేవాళ్లున్నారు, అమ్మేవాళ్లున్నారు. సైలెన్సర్ మార్చి డీజిల్ మిగిల్చిన ఓనరును నేను చూడలేదు. మేం చూసేవి రెండే. టైర్లలో గాలి, డ్రైవరు కాలు. ఒకే బండి, ఒకే కోరాపుట్ లోడు, ఇద్దరు డ్రైవర్లకు ఇస్తే డీజిల్లో బాగా తేడా చూపించారు.

కొత్త కుర్రాళ్లు ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వేస్తారు, డీజిల్ మిగులుతుందని. మిగలదు. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇప్పటి ఇంజిన్లు ఇంజెక్టర్లు పూర్తిగా మూసేస్తాయి, చుక్క పడదు. న్యూట్రల్లో అయితే ఇంజిను ఆగకుండా ఉండటానికి పోస్తూనే ఉంటుంది. బ్రేకులు కాలిపోవడం దానికి అదనం. ఘాట్‌లో సుంకి దగ్గర కాలిన బ్రేకుల వాసన ఎలా ఉంటుందో ఒక్కసారి చూసినవాడు మళ్లీ న్యూట్రల్ వేయడు.

నిర్వాహకుడు, మంగళవారం ఉదయం 9:30

చర్చ బాగుంది, అందుకే ఇప్పటిదాకా కలగజేసుకోలేదు. కొత్తగా చేరిన సభ్యులు ఇద్దరు డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) తీసేయడం, ఈజీఆర్ (పొగను కొంత తిరిగి ఇంజినులోకి పంపే ఏర్పాటు) మూసేయడం ఎలాగని అడిగారు. ఆ పోస్టులు తొలగించాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని మార్చడానికి వీల్లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. సీఎన్‌జీ కిట్ లాంటి వాటికి అనుమతి, ఆర్‌సీలో నమోదు తప్పనిసరి. బీమా కంపెనీకి చెప్పకుండా చేయించిన మార్పు క్లెయిము రోజున బయటపడుతుంది. లావు సైలెన్సర్ల మాట సరేసరి, పోలీసులు చెవులతోనే పట్టుకుంటారు.

నాగావళి_గట్టు, శనివారం రాత్రి 10:40

వారం రోజులు మాయమైనందుకు క్షమించండి. ఊరికే కూర్చోలేదు.

ముందు టైర్ల లెక్క. టీచరు గారి మాట నిజమా కాదా అని మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాను. రణస్థలం దాటాక ఒక కిలోమీటరు రాయి దగ్గర ట్రిప్ మీటరు సున్నా చేశాం. వాడు కిటికీ పక్కన కూర్చుని ఒక్కో రాయికీ కేక పెట్టి, పుస్తకంలో గీత గీశాడు. రెండు రాళ్లు ముళ్లపొదల్లో కనపడలేదు, అయినా అంకెలు తప్పలేదు. ముప్పయ్యో రాయి దగ్గర మీటరు 29.3 చూపింది. టీచరు గారి లెక్క ప్రకారం రావాల్సింది కూడా అంతే! వాడికి ఆ పుస్తకం ఎనిమిదో తరగతి ప్రాజెక్టుకు పనికొస్తుందట.

తరవాత బాక్సు పీకేశాను. పాత ఫిల్టరు డబ్బా అటక మీద దొరికింది, తిరిగి పెట్టించాను. సైలెన్సరు కూడా మార్పించాను, చుట్టుపక్కలవాళ్లు పలకరించడం మొదలుపెట్టారు. టైర్లు మాత్రం ఉంచాను, డబ్బులు పోశాను కదా.

ఆపైన అసలు పరీక్ష. రెండు రోజులు, తెల్లవారుజామున అయిదింటికి, ఒకే బంకు, ఒకే పంపు, పిస్టల్ మొదటిసారి ఆగగానే ఆపించాను. మీటరు మీద సరిగ్గా రెండు వందల కిలోమీటర్లు, విశాఖ వైపు వెళ్లి తిరిగి రావడం. నిజమైన దూరం 204.8. ఏసీ లేదు, టైర్లలో గాలి 32. మొదటి రోజు ఎనభై దాటలేదు. లారీలు కూడా హారన్ కొట్టి దాటిపోయాయి. 8.9 లీటర్లు పట్టింది. లీటరుకు 23. రెండో రోజు వీలైన చోటల్లా వంద. 10.9 లీటర్లు. లీటరుకు 18.8.

నాలుగు పైగా తేడా! అదే కారు, అదే నేను, అదే రోడ్డు. వంద మీద వెళ్లి ఎన్ని నిమిషాలు మిగిల్చానో లెక్క వేయాలనుకున్నాను. నాతవలస టోలు గేటు దగ్గర వరసలో నిలబడ్డప్పుడు ఆ కోరిక చచ్చిపోయింది.

చీపురుపల్లి_టీచరు, శనివారం రాత్రి 10:58

ఎనభైకీ వందకూ మధ్య గాలి అడ్డు 56 శాతం పెరుగుతుంది. వేగం వర్గంతో పెరుగుతుంది మరి. ఒక్క అభ్యంతరం. తొమ్మిది లీటర్లలో పిస్టల్ పావు లీటరు అటూ ఇటూ ఆగితే మూడు శాతం తప్పు వస్తుంది. మరో రెండుసార్లు చేసి సగటు తీయండి. మీ అబ్బాయి గీతల పుస్తకం ఫోటో మాత్రం ఇక్కడ పెట్టండి, మా పిల్లలకు చూపిస్తాను.

గేరుబాక్సు_బాబాయ్, ఆదివారం ఉదయం 6:15

బాక్సు పీకినప్పుడు సెన్సర్ ప్లగ్గు క్లిప్పు పూర్తిగా పడిందో లేదో ఒకసారి చూడండి. సగం పడితే బండి మధ్యలో ఆగిపోతుంది.

టెక్కలి_గ్రానైట్, ఆదివారం ఉదయం 7:20

కరెంటు బిల్లు అంటించాను. అయస్కాంతం గట్టిదే.

స్టేజ్2_కుర్రాడు, ఆదివారం ఉదయం 7:45

నాగావళి అన్నా, ఆ బాక్సు ఊరికే పడి ఉంటే ఎంతకిస్తారు? మా బావ డీజిల్ స్విఫ్ట్ కొన్నాడు.

నాగావళి_గట్టు, ఆదివారం ఉదయం 7:47

ఈ చర్చ అంతా చదివాక కూడానా తమ్ముడూ?

స్టేజ్2_కుర్రాడు, ఆదివారం ఉదయం 7:49

మైలేజీ కోసం కాదు అన్నా. పికప్పు కోసం.

నాగావళి_గట్టు, ఆదివారం ఉదయం 7:58

ఇరవై రెండు వేలు ఇవ్వు. ఇంట్లో లెక్క సరిపోతుంది.